స్టేషన్ పేరు సింగరేణి, టికెట్ మాత్రం బొగ్గుకే

పాడుబడ్డ రైలు స్టేషన్ల మీద ఈ మధ్య మస్తు ప్రేమ పుట్టుకొచ్చింది. డ్రోన్ ఎగరేస్తరు, వెనక ఫ్లూట్ పెడ్తరు, తుప్పు పట్టిన సిగ్నల్ స్తంభం మీద పిట్ట వాలితే దాన్ని స్లో మోషన్‌ల చూపిస్తరు. కింద కామెంట్లు వరుసగా దిగుతయి. 'ఆ రోజులే వేరు' అని ఒకరు, 'నిజాం కట్టించిన రాయి ఇప్పటికీ చెక్కుచెదరలేదు' అని ఇంకొకరు. మన పిల్లలు, మన జెండా పట్టుకునే పిల్లలు కూడా కింద లవ్ గుర్తు కొట్టి షేర్ చేస్తున్నరు. అందుకే ఈ వారం అనుకున్న అంశాన్ని పక్కకు పెట్టి ఇది రాస్తున్న.

నాకు పాత గోడల మీద కోపం లేదు. ఆ రోజులు ఎవరివో చెప్పకుండా, ఆ రోజుల కోసం నన్ను ఏడ్వమంటే మాత్రం నేను ఏడ్వను.

కారేపల్లి సంగతి తీసుకుందాం. డోర్నకల్ నుంచి కొత్తగూడెం దిక్కు పోతుంటే వచ్చే చిన్న ఊరు. జంక్షన్. అక్కడి నుంచి ఒక కొమ్మ ఇల్లందుకు పోతది. ఇల్లందు స్టేషన్ పేరు ఇల్లందు కాదు, 'సింగరేణి కాలరీస్'. ఈ పేర్ల కథే ఒక పాఠం. సింగరేణి అనేది కారేపల్లి పక్కన ఒక పల్లె. ఆ పల్లె పేరు కంపెనీ తీసుకున్నది, కంపెనీ పేరు స్టేషన్ తీసుకున్నది. ఇవాళ సింగరేణి అంటే రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్, భూపాలపల్లి అన్నీ గుర్తుకొస్తయి కానీ ఆ పల్లె ఒక్కటే గుర్తుకు రాదు. ఊరు ఊడ్చుకుపోయి పేరు మాత్రమే మిగిలింది. వాడలు ఇట్ల మాయమైన కథలు మనకు కొత్త కాదు కదా.

కారేపల్లి నుంచి ఇల్లందుకు మనిషి ఎక్కే బండి ఆగిపోయి దశాబ్దాలైంది. పట్టాలు తీసేయలేదు, ఎందుకంటే బొగ్గుకు పట్టాలు కావాలె. జంక్షన్ అంటే ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కే చోటు. దిగినోడికి రెండో దారి మూసేసినంక దాన్ని జంక్షన్ అని బోర్డు మీద రాసుకోవచ్చు, అంతకు మించి ఏం లేదు. మరి ఇదంతా మొన్నమొన్న ఎవరో అధికారి చేసిన తప్పా? కాదు. ఆ లైన్ పుట్టుక చూస్తే మొదటి రోజు నుంచే అది మనిషి కోసం వేసింది కాదని తెలుస్తది.

1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు 'కనుగొన్నడు'. దీనికి ముందుమాటగా ఒక కథ చెప్తరు. భద్రాచలం రాముడి దగ్గరికి పోయే యాత్రికులు వంట కోసం మూడు రాళ్లు పెట్టి పొయ్యి అంటిస్తే, ఆ రాళ్లే కాలినయట. చూడండి, కథలో కూడా బొగ్గును చూసేది యాత్రికుడే. తరతరాలుగా అదే అడవిలో పొయ్యి వెలిగించుకున్న కోయోళ్లకు, అదే వాగుల్లో పశువులు కాసిన మాల మాదిగ పిల్లలకు నల్లరాయి కనపడలేదట! గుడికి పోయేటాయన ఒక్క పూట ఆగితే కనపడిందట. ఆ తర్వాత గనిలో ముఖ్యమైన బొగ్గు పొరకు 'కింగ్ సీమ్' అని కింగ్ పేరే పెట్టుకున్నరు. ఆ పొరను పార పట్టి తవ్వినోళ్లలో ఒక్కరి పేరైనా ఏ పొరకైనా పెట్టిండ్రా? సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినోడిగా ఒకటి చెప్త. పురాణం అంటే దేవుళ్ల కథే కానక్కర్లేదు, కంపెనీలకు కూడా పురాణాలుంటయి. దాన్ని పురాణంగా చదవాలె, చరిత్రగా కాదు.

రైలు కథ కూడా అంతే. వాడి నుంచి సికింద్రాబాద్ లైన్ 1874లో నడిచింది. ఆ తర్వాత దాన్ని వరంగల్ మీదుగా బెజవాడ దాకా, ఇంకో దిక్కు చాందా దాకా పొడిగించాలని లండన్ పెట్టుబడిదారులు పథకం వేసిండ్రు. చాందా అంటే ఇవాళ్టి చంద్రాపూర్. అంటే మన కరీంనగర్, ఆదిలాబాద్ అడవుల గుండా. పథకం గుట్టు ఏందంటే, పెట్టుబడి లండన్‌ది, దాని మీద వడ్డీకి హామీ నిజాం ఖజానాది. నష్టం వస్తే ఖజానా కట్టాలె. అందుకే దాని పేరు 'నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే'. ఆ గ్యారంటీ అన్న మాటను మన సోషల్ మీడియా చరిత్రకారులు మింగేసి నిజాం కట్టించిండు, నిజాం ఇచ్చిండు అంటుంటరు. ఖజానాలోకి పైసలు ఎక్కడి నుంచి వచ్చినయి? రైతు కట్టిన శిస్తు నుంచి, ఆ రైతు పొలంలో చేసిన జీతగాడి చెమట నుంచి.

1883లో ఈ చాందా రైల్వే పథకం మీద హైదరాబాద్‌లో పెద్ద గొడవైంది. సర్కారు లెక్కలు బయట పెట్టకుండా ఇంత పెద్ద ఒప్పందం ఎట్ల చేసుకుంటదని చదువుకున్నోళ్లు అడిగిండ్రు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం, సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ అందులో ముందున్నరు. అఘోరనాథ్‌ను రాజ్యం నుంచే వెళ్లగొట్టిండ్రు. హైదరాబాద్ రాజ్యంలో ఆధునిక రాజకీయ చైతన్యానికి ఇది తొలి ఘట్టమని చెప్తరు. ఒప్పుకుంట. ధైర్యం చేసినోళ్లకు దండం. కానీ ఆ చర్చలో అడగని ప్రశ్న కూడా ఒకటున్నది. ఆ లైన్ వేస్తే మట్టి ఎవరు మోస్తరు, చెట్టు ఎవరు కొడ్తరు, కూలి ఇస్తరా, వెట్టి చేయిస్తరా? ఆనాటి తెలంగాణలో దొర వచ్చినా, గిర్దావర్ వచ్చినా మూట మోయాల్సింది మాదిగోడే. ఆ వెట్టి ఉన్న నేల మీదికి రైలు వచ్చింది. ఖాళీ నేల మీదికి రాలేదు.

రైల్వే ఒప్పందం నడిపిన మధ్యవర్తుల్లో ముఖ్యుడు అబ్దుల్ హక్ అనే నిజాం అధికారి. గనుల ఒప్పందంలోనూ ఆయనే. 1886లో ఇంగ్లండ్‌లో రిజిస్టరైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి తవ్వే హక్కు పోయింది. తీరా చూస్తే కంపెనీ వాటాలను లోపలోళ్లే పంచుకుని, కొన్నింటిని తిప్పి నిజాం సర్కారుకే ఎక్కువ ధరకు అంటగట్టిండ్రు. గొడవ లండన్ దాకా పోయి 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ సంఘం వేసింది. అబ్దుల్ హక్ కొలువు పోయింది. కంపెనీ మాత్రం ఉన్నది. సరిగ్గా ఆ ఏండ్లలోనే డోర్నకల్ నుంచి ఇల్లందుకు పట్టాలు పడ్డయి, 1889లో బొగ్గు అమ్మకం మొదలైంది. ఇగ గనుల మీద కుంభకోణం అంటే ఏదో నిన్నటి ప్రైవేటు టెండర్ల ముచ్చట అనుకునే తమ్ముళ్లకు చెప్తున్న, ఈ బండికి మొదటి డబ్బా అదే.

ఆ తర్వాతి సంగతులు తొందరగా. కంపెనీ 1920లో సింగరేణి కాలరీస్ పేరు పెట్టుకున్నది. రైల్వేను 1930లో నిజాం సర్కారు చేతిలోకి తీసుకున్నది. 1883లో కొట్లాడిన చాందా లైన్ చివరికి 1920ల్లో కాజీపేట – బల్లార్షా లైన్‌గా పడి, ఆ దశాబ్దం చివరికి ఢిల్లీ – మద్రాస్ దారి కలిసింది. ఆ లైన్ వెంటనే బెల్లంపల్లి గనులు లేచినయి. 1945లో సింగరేణి నిజాం సర్కారు సొంతమైంది. ఇప్పుడు అందులో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా.

ఇగ అసలు విషయానికి వస్త. 'రైలుకు కులం లేదు, డబ్బాలో అందరూ పక్కపక్కనే కూసున్నరు' అని ఒక మాట బడి పుస్తకం నుంచి యూట్యూబ్ దాకా నడుస్తది. ఇది సగం నిజం. ఆ సగాన్ని నేను కొట్టేయను. మన కరీంనగర్ పల్లెల నుంచి దొర కంట పడకుండా రాత్రికి రాత్రి పోయి బండెక్కి, బొంబాయిల, షోలాపూర్‌ల తేలిన వాళ్ల పిల్లలం మనం. ఊరిడిసి పోవుడే తిరుగుబాటైన కాలంలో రైలు మనోళ్లకు తలుపు తెరిచింది.

మిగతా సగం మన్మాడ్‌లో ఉన్నది. మన్మాడ్ ఎక్కడో కాదు, సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా పోయే నిజాం గోదావరి లైన్ ఆఖరి కొస. పెద్ద జంక్షన్. 1938 ఫిబ్రవరిలో అక్కడ జీఐపీ రైల్వేలో పనిచేసే అంటరాని కార్మికుల మహాసభ జరిగింది. బాబాసాహెబ్ అధ్యక్షత వహించిండు. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ ఈ దేశ కార్మికుడికి శత్రువులని ఆయన చెప్పింది అక్కడే. ఆ మాట మనందరికీ నోటికొస్తది. వాల్ పోస్టర్ మీద వేసుకుంటం. అదే ఉపన్యాసంలో ఆయన ఇచ్చిన వివరాలు ఎంతమంది చదివిండ్రు? రైల్వేలో మనోడు ఎక్కువగా గ్యాంగ్‌మన్‌గానే ఉన్నడు, ఉన్నన్ని రోజులు గ్యాంగ్‌మన్‌గానే ఉంటడు, కనీసం పోర్టర్ కూడా కాలేడు అని చెప్పిండు. ఎందుకు కాలేడు? పోర్టర్ చేత స్టేషన్ మాస్టర్ ఇంటి పని కూడా చేయించుకుంటడు కాబట్టి. అంటరానోడిని పోర్టర్‌గా పెట్టుకుంటే ఇంట్లోకి రానియ్యాలె, నీళ్లు తాకనియ్యాలె. బట్టల మిల్లుల్లో నేత ఖాతాలోకి మనోళ్లను రానియ్యకపోవడం గురించి కూడా అక్కడే మాట్లాడిండు. తెగిన దారాన్ని నోటి తడితో అతకాలె కదా, ఆ ఎంగిలి సమస్య. దాని మీద యూనియన్లు నోరు తెరవలేదని కూడా అడిగిండు. ఎర్రజెండా మిత్రులు ఈ ముక్కను ఒకసారి తీరిగ్గా చదువుకోవాలని నా విన్నపం. కార్మికవర్గం ఒక్కటే అయినప్పుడు, పట్టా మీద నడిచేది ఎప్పుడూ ఒకే వాడోడు ఎట్లయిండు?

గ్యాంగ్‌మన్ అంటే ఏందో తెలియని పిల్లల కోసం చెప్త. పట్టా కింద కంకర సరిచేసేటోడు. ఎండకు పట్టా సాగితే, వానకు కట్ట కుంగితే పరుగెత్తేటోడు. వాళ్లలో కీమన్ ఉంటడు. భుజాన సుత్తె, స్పానర్, చేతిలో జెండాలు పెట్టుకుని, తన వంతు కిలోమీటర్లు నడుచుకుంట పట్టాను పట్టి ఉంచే కీలు ఊడినయా అని ఒక్కొక్కటే చూస్తడు, కొడ్తడు. మా తాత ఆ పని చేసిండు. ఆయన పదవీ విరమణ తర్వాత కూడా ఊరోళ్లు ఆయన్ను పేరు పెట్టి పిలవలేదు, 'గ్యాంగోడు' అన్నరు. స్టేషన్ మాస్టర్‌ను మాత్రం 'మాస్టర్ గారు' అనేటోళ్లు. పాత స్టేషన్ వీడియోల్లో మాస్టర్ గారి కుర్చీ, గోడ గడియారం, ఇత్తడి గంట కనబడ్తయి. కిలోమీటర్ రాయి దగ్గర రేకులు లేచిపోయిన గ్యాంగ్ గుడిసె ఎందుకు కనబడదు? డ్రోన్ అంత దూరం ఎగరదా?

ఇంకో స్టేషన్ పేరు చెప్త, మసూర్. 1901లో సతారా నుంచి తండ్రి దగ్గరికి బయల్దేరిన పదేండ్ల పిల్లగాడు, అన్నతో, అక్క కొడుకులతో అక్కడ దిగిండు. మంచి బట్టలు వేసుకున్న పిల్లలను చూసి స్టేషన్ మాస్టర్ ముందు ప్రేమగానే మాట్లాడిండు. మీరెవరని అడిగితే మహార్లమని చెప్పిండ్రు. ఆ మాటకు మాస్టర్ మొఖం మారిపోయి వెనక్కు జరిగిండు. బండోళ్లు ఒక్కరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇస్తం, ఎడ్లు మేమే తోలుకుంటం అంటే ఒక బండి దొరికింది. ఆ పిల్లగాడెవరో మీకు తెలుసు. 1893లో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో గాంధీని డబ్బా నుంచి దింపేసిన సంగతి తెలియని స్టూడెంట్ నా క్లాసులో ఒక్కరు లేరు. మసూర్ పేరు మాత్రం డిగ్రీ ఫైనల్ ఇయర్ దాకా ఎవరూ వినలేదు. ఆయన్ను దింపింది పరాయి దేశపోడు, టికెట్ ఉన్న డబ్బా నుంచి. ఈయన్ను ఎక్కించుకోనిది సొంత దేశపోడు, సొంత ఊరి తొవ్వ మీద. మొదటిదాన్ని పాఠం చేసుడు సులువు.

ఇప్పుడు మళ్లీ ఇల్లందుకు రండి. 'గనులు మూతబడ్డయి, జనం పోయిండ్రు, రైలు బంద్ అయింది, సహజమే కదా' అని ఒక వాదన వస్తది. సహజమే అయితే కేజీఎఫ్ చూడండి. కోలార్ బంగారు గనుల్లో లోపలికి దిగిన వాళ్లలో అత్యధికులు తమిళ, తెలుగు దళితులు. బెజవాడ విల్సన్ అక్కడ పుట్టిన తెలుగు బిడ్డే. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూసేసిండ్రు. కానీ అక్కడి మారికుప్పం స్టేషన్ చావలేదు. తెల్లారక ముందే వేల మంది ఆ బండెక్కి బెంగళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగొస్తరు. గని పోయినా బండి ఉన్నది కాబట్టి ఊరు ఊపిరి పీల్చుకుంటున్నది. ఆ బతుకు బంగారమని నేను అనను, రోజుకు అన్ని గంటలు రైల్లో నిలబడి పోవుడు గోసనే. కానీ గని పోయినోడికే బండి ఎక్కువ అవసరమన్న సంగతి అక్కడ కండ్ల ముందున్నది. ఇల్లందుకు అదీ దక్కలేదు.

కొత్తది వేయలేరా అంటే వేస్తరు, భేషుగ్గా వేస్తరు. కొత్తగూడెం నుంచి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల లైన్ పడింది. ఖర్చులో పెద్ద భాగం సింగరేణే పెట్టింది. 2022లో దాని మీద మొదట కదిలింది బొగ్గు వ్యాగన్. 1880ల్లో ఇల్లందుకు ఎట్లనో 2022లో సత్తుపల్లికి అట్లనే. మధ్యలో రాజు పోయిండు, కంపెనీ మారింది, రెండు రాష్ట్రాలు మారినయి, లైన్ తర్కం మాత్రం మారలేదు. అటు ఆదిలాబాద్ చూడండి. జిల్లా కేంద్రం నుంచి హైదరాబాద్‌కు రైల్లో రావాలంటే కిన్వట్, ముద్ఖేడ్ మీదుగా మహారాష్ట్ర తిరిగి రావాలె. ఎందుకంటే ఆ లైన్ వేసిన రోజున లెక్కలోకి వచ్చింది పత్తి బేళ్లు. ఉట్నూరు గోండు, నార్నూర్ మాదిగ లెక్కలోకి రాలేదు. పెద్దపల్లి – నిజామాబాద్ లైన్‌కు 1993లో శంకుస్థాపన చేసి 2017లో పూర్తి చేసిండ్రు. 24 ఏండ్లు! అది మనుషుల లైన్ కదా మరి.

కరోనా టైంలో ఏం చేసిండ్రో యాదికి తెచ్చుకోండి. ప్యాసింజర్ బండ్లన్నీ ఆపి, మళ్లీ నడిపినప్పుడు అవే డబ్బాలకు ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు పెట్టి, 10 రూపాయల కనీస టికెట్‌ను 30 చేసిండ్రు. 2024 ఫిబ్రవరిలో పాత రేటుకు తెచ్చిండ్రు. ఆ ఏండ్లలో మూడింతలు కట్టింది ఎవరు? వందే భారత్ ఎక్కేటోడు కాదు. అడ్డా మీద కూలికి పోయేటోడు, కాలేజీకి పాస్ మీద పోయే పిల్ల, దవాఖానకు పోయే ముసలమ్మ. అదే టైంలో స్టేషన్లకు అద్దాల ముఖాలు వచ్చినయి. 2025 మేలో అమృత్ భారత్ పేరుతో కరీంనగర్, వరంగల్, బేగంపేట స్టేషన్లు మెరిసిపోతూ తెరుచుకున్నయి. మంచిదే, కూసోవడానికి బెంచీలు వచ్చినయి. కరీంనగర్ నుంచి రోజుకు ఎన్ని బండ్లు పోతున్నయో ఒకసారి ఆ బెంచీ మీద కూసోని లెక్కపెట్టండి.

స్టేషన్ పాడుబడిందని ఏడ్చేటోళ్లు దాని వెనక పాడుబడ్డ కొలువుల గురించి మాట్లాడరు. మనకు రైల్వే అన్నా, సింగరేణి అన్నా కొలువే. రిజర్వేషన్ ఉన్న కొలువు, నెలకు ఇంత అని తెలిసిన జీతం, కోటర్, దవాఖాన. 2019లో రైల్వే లెవెల్ 1 పోస్టులు లక్షా మూడు వేలకు నోటిఫికేషన్ ఇస్తే కోటి మందికి పైగా దరఖాస్తు పెట్టిండ్రు. పరీక్ష పెట్టింది 2022లో. అంటే 1938లో బాబాసాహెబ్ 'ఇక్కడే ఎందుకు ఆగిపోవాలె' అని అడిగిన ఆ గ్యాంగ్‌మన్ కొలువు కోసమే ఇవాళ ఎంఏ, బీటెక్ చదివిన మన పిల్లలు కోటిలో ఒకరై నిలబడ్డరు. సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష దాటిన పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నరు. మిగతా పని ఆగిపోయిందా? లేదు, కాంట్రాక్టర్ కిందికి పోయింది. కాంట్రాక్టర్‌కు రోస్టర్ లేదు, రిజర్వేషన్ లేదు. మనిషి మాత్రం అదే వాడ నుంచి వస్తడు, సగం కూలికి. పట్టాల మీద మలం ఎత్తే పని సంగతీ అంతే. సఫాయి కర్మచారి ఆందోళన్ పదేండ్లకు పైగా కొట్లాడితే 2014 మార్చి 27న సుప్రీంకోర్టు రైల్వేను కాలపరిమితి పెట్టుకుని ఆపమన్నది. ఆ తీర్పు వచ్చింది 'రైలుకు కులం లేదు' అని పాడుకునే దేశంలోనే.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, స్టేషన్‌ను మ్యూజియం చేయాలని సంతకాలు సేకరిస్తున్న వాళ్లతో నాకు తగాదా ఇది. మ్యూజియంలో మాస్టర్ గారి టోపీ పెట్టి, కింగ్ దొర ఫొటో పెట్టి, యాత్రికుల పొయ్యి బొమ్మ పెడితే అది మా చరిత్ర కాదు. పెట్టాలనుకుంటే మొదలు ఇల్లందుకు మనుషుల బండి పెట్టమనండి. పట్టాలున్నయి, కారేపల్లిలో జంక్షన్ ఉన్నది, కొత్తగా భూమి గుంజుకోవాల్సిన పని లేదు. సత్తుపల్లి లైన్ మీద కూడా ప్యాసింజర్ అడగండి. సింగరేణి పైసలంటే గని కార్మికుడి పైసలు. ఆ పైసలతో వేసిన లైన్ మీద వాడి బిడ్డకు సీటు ఉండాలె. ట్రాక్ పనులు, గని పనులు కాంట్రాక్టుకు ఇచ్చినా రోస్టర్ వర్తించాలని అడగండి. ఈ మూడూ అడిగినంక ఎన్ని డ్రోన్లు ఎగరేసుకున్నా నేను పల్లెత్తు మాట అనను.

మనం చేయాల్సిన పని కూడా ఒకటున్నది, దాన్ని ఏ సర్కారూ చేయదు. మీ ఇంట్లో, మీ వాడలో గ్యాంగ్‌మన్‌గా, కీమన్‌గా, గేట్‌మన్‌గా, బొగ్గు నింపే ఫిల్లర్‌గా చేసి దిగిపోయిన పెద్దమనుషులు ఉంటరు. వాళ్ల దగ్గర కూసోండి. ఎన్నడు కొలువుల చేరిండ్రు, ఎవరు చేర్పించిండ్రు, లంచం ఎంత, నీళ్ల కుండ వేరే పెట్టిండ్రా, ప్రమోషన్ అడిగితే ఏమన్నరు, కోటర్ ఏ కొసకు ఇచ్చిండ్రు, అన్నీ ఫోన్‌లో రికార్డు చేయండి. వాళ్ల మాట వాళ్ల యాసలోనే ఉండనియ్యండి, మీ డిగ్రీ తెలుగులోకి మార్చకండి. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే రాయొద్దు. సర్వీసు కాగితాలుంటే జాగ్రత్త చేయండి, పాత ఇనుప పెట్టెలో చెదలు పట్టకముందే.

వచ్చే భాగం బెల్లంపల్లి మీద. అక్కడి గని కాలనీల్లో కోటర్లు ఏ కులానికి ఏ వరుసలో వచ్చినయో చెప్పగలిగినోళ్లు ఉంటే ఆదివారం లోపల ఇన్‌బాక్స్‌కు రండి.

జై భీమ్.